వజ్రాల వీధిలో సూది పట్టిన చేతులు

సెలవులొస్తే పిల్లలు బిజినెస్ ఆట పరుచుకుని కూర్చుంటారు కదా. ఊళ్లు కొనడం, ఇళ్లు కట్టడం, అద్దెలు వసూలు చేయడం, చివరికి ఎవరో ఒకరు ఏడుస్తూ లేచిపోవడం! ఫ్రాన్సులోనూ ఇలాంటి ఆట ఉంది. దాన్ని మోనోపలీ అంటారు. అక్కడి బోర్డు మీద పారిస్ నగరంలోని వీధుల పేర్లుంటాయి. వాటన్నిటిలోకీ ఖరీదైన గడి పేరు ‘ర్యూ ద లా పే’. అంటే శాంతి వీధి. ఆ గడి చేతికొచ్చిన పిల్లవాడు ఇక ఆట గెలిచినట్టే.

ఆటలోనే కాదండోయ్, నిజంగానూ అది శ్రీమంతుల వీధే. పొడవు చూస్తే దాదాపు 230 మీటర్లు. మనం కూరల సంచీ పట్టుకుని నడిచినా మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఒక చివర వాండోమ్ చౌకు, ఇంకో చివర పెద్ద ఆపెరా నాటకశాల. ఈ మధ్యలోనే ప్రపంచంలోని మహారాణులు గౌన్లు కుట్టించుకున్నారు, మహారాజులు హారాలు చేయించుకున్నారు.

ఈ వారం ఆ వీధిలోకి వెళ్లొద్దాం పదండి. కొనక్కర్లేదు, చూడ్డానికి డబ్బులేం అడగరు. అయితే అద్దాల బీరువాలతో ఆగిపోకుండా మేడ మీది కుట్టు గదుల్లోకి కూడా ఎక్కాలి. అసలు కథ అక్కడుంది.

మఠం తోటలో పుట్టిన వీధి

ఒకప్పుడు అక్కడ కపూసిన్ సన్యాసినుల మఠం ఉండేది. చెప్పుల్లేకుండా, ముతక గుడ్డ కట్టుకుని, ఉపవాసాలతో బతికే స్త్రీలు వాళ్లు. విచిత్రం చూడండి, పదిహేనో లూయీ రాజుగారి ప్రియురాలు, ఫ్రాన్సులో ఫ్యాషన్లకు పెట్టింది పేరైన మదాం ద పాంపదూర్ 1764లో పోతే ఆవిడను సమాధి చేసింది ఈ మఠంలోనే.

1789లో విప్లవం వచ్చింది. సన్యాసినులు మఠం ఖాళీ చేశారు. ఆ కట్టడంలో కాగితం డబ్బు అచ్చు వేశారు. తర్వాత కొన్నాళ్లు దీపాల నీడలతో దెయ్యాల ఆట ఆడించారు. జనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి భయపడి వచ్చేవారట! చివరికి 1806లో నెపోలియన్ చక్రవర్తి ఆజ్ఞతో మఠం స్థలం మధ్యలోంచి వీధి వేశారు. దానికి నెపోలియన్ వీధి అని పేరు. 1814లో ఆయన పడిపోయాడు, పాత రాజవంశం తిరిగొచ్చింది. యుద్ధాలు ఆగాయన్న సంతోషంతో శాంతి వీధి అని పేరు మార్చారు. వీధుల పేర్లు మార్చే సరదా మన దగ్గరే ఉందనుకుంటాం గానీ అన్నిచోట్లా ఉన్నదే.

ఆ మరుసటేడే, 1815లో, మెల్లెరియో అనే నగల వర్తకులు ఇక్కడ కొట్టు తెరిచారు. ఇటలీ కొండల్లోంచి తిరుగుడు వ్యాపారానికి వచ్చిన కుటుంబం వారిది. ఇప్పటికీ 9వ నంబరులో వాళ్ల కొట్టే ఉంది. రెండు వందల ఏళ్లకు పైగా ఒకే కొట్టు, ఒకే ఇంటిపేరు!

గుడ్డ ఒకచోట, కుట్టు ఒకచోట

ఈ వీధికి లోకమంతా పేరు తెచ్చింది మాత్రం ఫ్రెంచివాడు కాదు. ఛార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అనే ఇంగ్లీషు కుర్రవాడు. 1825లో లింకన్‌షైర్‌లో పుట్టాడు. తండ్రి వకీలే గానీ ఆస్తి అంతా పోగొట్టాడు. పిల్లవాడు పన్నెండేళ్లు నిండీ నిండకుండానే పనిలో చేరాల్సి వచ్చింది. లండన్ బట్టల కొట్లలో పని నేర్చుకుని, ఇరవయ్యేళ్ల వయసులో పారిస్ చేరాడు. గజెలాఁ అనే పెద్ద సిల్కుల కొట్లో గుమాస్తా ఉద్యోగం దొరికింది.

అక్కడే మరీ వెర్నే అనే అమ్మాయి పని చేస్తుండేది. శాలువాలు భుజాన వేసుకుని కొట్లో అటూ ఇటూ నడిచి కొనేవాళ్లకు చూపించడం ఆమె పని. శాలువా బాగా కనిపించాలంటే లోపలి గౌను పొందికగా ఉండాలి కదా! వర్త్ ఆమెకు సాదా గౌన్లు కుట్టించాడు. కొనడానికొచ్చిన ఆడవాళ్లు శాలువా సంగతి మర్చిపోయి ‘ఆ గౌను ఎక్కడిది?’ అని అడగడం మొదలెట్టారు. 1851లో ఆ ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఫ్యాషన్ చరిత్ర రాసేవాళ్లు మరీని మొట్టమొదటి మోడల్ అంటారు.

అప్పటి పద్ధతి మనకు బాగా తెలిసిందే. గుడ్డ ఒక కొట్లో కొనాలి, లేసులు ఇంకోచోట, అవన్నీ మూట కట్టుకుని కుట్టే ఆవిడ ఇంటికి పోవాలి. ఎలా కావాలో మనమే చెప్పాలి. మనం చీర ఒకచోట కొని, జాకెట్టు గుడ్డకు మ్యాచింగ్ సెంటరుకి పోయి, టైలరు దగ్గర పాత జాకెట్టు కొలతకిచ్చి వస్తామే, అలాగన్నమాట.

వర్త్ దీన్ని తిరగేశాడు. ఒక స్వీడన్ దేశస్థుడితో వాటా కలిపి 1858లో శాంతి వీధి 7వ నంబరులో కొట్టు పెట్టాడు. గుడ్డా ఆయనదే, కుట్టూ ఆయనదే. ముందే గౌన్లు తయారుచేసి అమ్మాయిలకు తొడిగి చూపించేవాడు. నచ్చినది ఎంచుకుంటే మీ కొలతలకు కుట్టిచ్చేవాడు. ఏది బాగుంటుందో, ఏది బాగుండదో కూడా ఆయనే చెప్పేవాడు. ఒకే లంగాకు రెండు పైభాగాలు కుట్టి, ఒకటి పగటికీ ఒకటి రాత్రి విందుకూ వాడుకునే ఏర్పాటూ ఆయన కొట్లో ఉండేది. ఇది వినగానే నాకు ఒకే పట్టుచీరకు రెండు జాకెట్లు కుట్టించుకోవడం గుర్తొచ్చింది!

అన్నిటికన్నా ముఖ్యం, బొమ్మ గీసి కింద సంతకం పెట్టినట్టు, గౌను నడుం పట్టీ లోపల తన పేరు వేయించాడు. ఇవాళ మన పిల్లలు బట్ట కొంటే ముందు వెతికే ఆ లేబుల్ ఉంది చూశారా, దానికి పేరు తెచ్చింది ఈ కొట్టే.

మూడొందల ఫ్రాంకుల గౌను

కొట్టయితే పెట్టాడు గానీ రాణిగారి గడప ఎలా ఎక్కాలి? ఆ పని చేసింది మళ్లీ భార్యే. ఆస్ట్రియా రాయబారి భార్య పౌలీన్ మెటర్నిక్ అప్పుడే పారిస్ వచ్చింది. మరీ బొమ్మలు గీసిన పుస్తకం చంకన పెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. ఇంగ్లీషు మగవాడు గౌన్లు కుట్టడమేమిటని ఆ దొరసాని ముందు నవ్విందట. బొమ్మలు చూశాక ఊరుకోలేకపోయింది. రెండు గౌన్లు కుట్టమంది. ఒక్కోటి 300 ఫ్రాంకులు దాటకూడదని షరతు.

అందులో ఒకటి వేసుకుని రాజభవనంలో విందుకు వెళ్లింది. తెల్లటి పల్చటి గుడ్డ మీద వెండి తళుకులు, పూల గుత్తులు. యూజినీ మహారాణి చూసింది. ‘ఎవరు కుట్టారు?’ అని అడిగింది. మర్నాడే వర్త్‌కు కబురు. అంతే, ఆయన దశ తిరిగింది. పౌలీన్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకుంది, ఇక ఆ తర్వాత 300 ఫ్రాంకులకు తనకు గౌను దొరికిందే లేదని!

యూజినీకి వర్త్ లయాన్ ఊరి జరీ పట్టు చూపిస్తే ‘ఇదేమిటి, కర్టెన్ గుడ్డలా ఉంది’ అందట. ఆవిడ కడితే దేశమంతా కడుతుంది, లయాన్ మగ్గాలకు పని దొరుకుతుంది అని వర్త్ వాదించాడు. రాజుగారికి ఆ మాట నచ్చింది, రాణిగారికి కట్టక తప్పలేదు. ఒక రాణి చీర మారిస్తే ఎక్కడో మగ్గం ఆడుతుంది. మన నేతవాళ్ల సంగతి తెలిసిన మనకు ఇది వేరే చెప్పాలా?

1870లో యుద్ధం వచ్చింది, రాజు పోయాడు, రాణి ఇంగ్లండు పారిపోయింది. 1871 మే నెలలో తిరుగుబాటుదారులు వాండోమ్ చౌకులోని నెపోలియన్ స్తంభాన్ని మోకులు కట్టి కూలదోశారు. కొద్ది ఏళ్లకు స్తంభం మళ్లీ లేచింది, కొట్లూ తెరిచారు. ఈసారి అమెరికా కోటీశ్వరుల భార్యలు, కూతుళ్లు ఓడలెక్కి వచ్చారు. వర్త్ దగ్గర పనివాళ్లు 1200 మంది అయ్యారని చెబుతారు.

1891లో పక్కనే 3వ నంబరులో ఒక ఆడమనిషి కొట్టు తెరిచింది. ఆవిడే జాన్ పాకిన్. కుట్టు గదిలో పని నేర్చుకుని పైకొచ్చిన మనిషి. తన గౌన్లు తొడిగి అమ్మాయిలను గుర్రప్పందేలకూ ఆపెరాకూ పంపేది. నలుగురూ చూస్తే అదే ప్రకటన కదా! 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఫ్యాషన్ విభాగానికి ఆవిడే పెద్ద. 1913లో ఫ్రాన్సు ప్రభుత్వం లీజన్ ఆఫ్ ఆనర్ ఇచ్చి గౌరవించింది.

వియ్యంతో వచ్చిన వజ్రాలు

గౌన్ల వీధి నగల వీధి కావడానికి ఒక పెళ్లి తోడైంది. వర్త్ మనవరాలు ఆండ్రే కరొలీన్‌ను 1898లో నగల వర్తకుల ఇంటి అబ్బాయి లూయీ కార్టియేకి ఇచ్చి చేశారు. మరుసటేడే కార్టియే వాళ్ల కొట్టు శాంతి వీధి 13వ నంబరుకు మారింది. గౌను కోసం వచ్చిన దొరసాని నాలుగడుగులు వేస్తే నగ దొరుకుతుంది. వియ్యమంటే ఇలా కలిసి రావాలి! పాపం, వ్యాపారం కలిసొచ్చినా దంపతులకు మాత్రం పొసగలేదు, కొన్నేళ్లకు విడాకులయ్యాయి.

ఈ కార్టియే వాళ్ల చేతికి ఒకనాడు మన రాయి కూడా వచ్చింది. కృష్ణ ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలో కొల్లూరు గనులుండేవి. అక్కడ దొరికిందని చెప్పే నీలి వజ్రాన్ని టవర్నియే అనే వర్తకుడు ఫ్రాన్సు తీసుకెళ్లి 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. విప్లవం రోజుల్లో, 1792లో, దొంగలెత్తుకుపోయారు. తర్వాత సానబెట్టి చిన్నదై ‘హోప్ డైమండ్’ పేరుతో తేలింది. 1910లో పారిస్ వచ్చిన ఎవలిన్ మెక్లీన్ అనే అమెరికా శ్రీమంతురాలికి లూయీ తమ్ముడు పియర్ కార్టియే దాన్ని చూపించాడు. ‘రాయి సరే, బిగింపు నచ్చలేదు’ అందావిడ! బిగింపు మార్చి 1911లో ఆవిడకే అమ్మారు. ఇప్పుడది అమెరికాలో వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. కొల్లూరు గనులున్న చోటు పులిచింతల రిజర్వాయరు నీళ్ల కింద ఉంది.

పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ తన ఖజానాలోని రాళ్లు పంపించి కార్టియే చేత హారం చేయించుకున్నాడు. 1928లో పూర్తయింది. అందులో 2930 వజ్రాలు! మధ్యలో 234 కారట్ల పెద్ద రాయి.

మేడ మీద

సరే, కింద అద్దాలు చూడ్డం అయింది. ఇప్పుడు వెనక మెట్లెక్కుదాం.

పై అంతస్తుల్లో కుట్టు గదులు. పొడుగాటి బల్లలకు అటూ ఇటూ వరసగా అమ్మాయిలు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల ముందు చేతికింద పనికి చేరుతుంది. కింద పడ్డ గుండుసూదులు ఏరడం, దారాలు తేవడం, అట్టపెట్టెలు మోసుకుని దొరసానుల ఇళ్లకు పరిగెత్తడం. ఆపైన ‘చిన్న చేతులు’. అవునండీ, కుట్టే అమ్మాయిల హోదా పేరే అది. తర్వాత రెండో చెయ్యి, మొదటి చెయ్యి, చివరికి గది పెద్ద. మనిషికి పేరు లేదు, చెయ్యికే పేరు!

పగలు పన్నెండింటికి భోజనానికి గుంపుగా వీధిలోకొచ్చేవారు. మధ్యాహ్నం ఏదో ఇంత తిని పోయేవాళ్లు కాబట్టి ‘మిదినెత్’లని పేరు పడింది. పార్కు బెంచీల మీద రొట్టె ముక్క తినేవారు. పని ముగిసి పాకిన్ కొట్లోంచి ఈ అమ్మాయిలు బయటికొస్తున్న దృశ్యాన్ని జాన్ బెరో అనే చిత్రకారుడు బొమ్మ వేశాడు. పారిస్‌లో కార్నవాలే మ్యూజియంలో ఉంది. నవంబరు 25న సెయింట్ కేథరీన్ పండుగ. ఇరవై అయిదు నిండినా పెళ్లికాని అమ్మాయిలు ఆకుపచ్చ, పసుపు రంగుల టోపీలు పెట్టుకుని ఆటపాటలతో గడిపేవారు.

బొమ్మలూ టోపీలూ చూసి వాళ్ల బతుకు హాయి అనుకునేరు. విందుల రోజులొస్తే రాత్రిళ్లు కూర్చోవాలి. రేపు సాయంత్రానికి దొరసాని గౌను కావాలంటే తెల్లవార్లూ దీపం ముందు పూసలు కుట్టాలి. 1892లో ఆడవాళ్ల పని రోజుకు 11 గంటలు మించకూడదు, రాత్రి పని వద్దు అని చట్టం వచ్చింది. కానీ ఫ్యాషన్ కొట్లకు మినహాయింపులు దొరికేవి. విందుల రోజులు అయిపోతే పనే ఉండదు, కూలీ ఉండదు. ఆ నెలలకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘చచ్చిన కాలం’.

ఒక శనివారం కోసం

1917. మొదటి ప్రపంచయుద్ధం మూడో ఏడు. మగవాళ్లు యుద్ధంలో ఉన్నారు. బొగ్గు లేదు, ధరలు మండిపోతున్నాయి. మే నెలలో ఛాంజెలిజే రోడ్డు మీది ఒక పెద్ద కుట్టు కొట్లో యజమాని కబురు చెప్పాడు. ఇకనుంచి శనివారం మధ్యాహ్నం పని లేదు, ఆ పూట కూలీ కూడా లేదు.

అమ్మాయిలు సూదులు కింద పెట్టి బయటికొచ్చేశారు. సెలవివ్వండి, కూలీ కొయ్యకండి. ధరలు పెరిగాయి కాబట్టి రోజుకు ఒక ఫ్రాంకు ఎక్కువివ్వండి. అంతే వాళ్లడిగింది. టోపీల్లో పూలు గుచ్చుకుని, పాటలు పాడుకుంటూ కొట్టు కొట్టుకీ వెళ్లి మేడ మీది వాళ్లను కిందికి రమ్మని పిలిచారు. కొద్ది రోజుల్లో పదివేల మంది రోడ్డెక్కారు. ‘మా మగవాళ్లను ఇళ్లకు పంపండి’ అని కేకలు కూడా వినిపించాయి. నవ్వి ఊరుకుందామనుకున్న పత్రికలు, ప్రభుత్వం కూడా వినక తప్పలేదు.

రెండు వారాల్లోపే యజమానులు ఒప్పుకున్నారు. 1917 జూన్ 11న చట్టమే వచ్చింది. బట్టలు కుట్టే పనిలోని ఆడవాళ్లకు శనివారం మధ్యాహ్నం సెలవు, కూలీ తగ్గించకుండా. వాళ్లను చూసి మిగతా పనుల్లోని ఆడవాళ్లూ సమ్మెలకు దిగారు.

ఒక పూట సెలవుకు ఇంత గొడవా అనిపిస్తుందా? ఆదివారం ఒక్కటే సెలవైతే ఆ రోజంతా ఉతుకుడికీ ఊడ్పుకీ సరిపోతుంది. శనివారం పూట దొరికితే ఇంటిపని అప్పుడు కానిచ్చి, ఆదివారం పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చు. ఇంట్లో పనీ బయట పనీ రెండూ చేసే ఆడదానికి ఆ పూట విలువ తెలుసు.

లోపలి వైపు

ఇప్పుడా వీధిలో వర్త్ కొట్టు లేదు, 1930లలో వేరే చోటికి మారి తర్వాత మూతపడింది. పాకిన్ 1956లో మూతపడింది. మిగిలినవి ఎక్కువగా నగల, గడియారాల కొట్లు. కార్టియే 13వ నంబరులోనే ఉంది. పారిస్‌లో చేత్తో కుట్టే గొప్ప గౌన్ల కంపెనీలు మాత్రం తమ కుట్టుపని వాళ్లను ఇప్పటికీ ‘చిన్న చేతులు’ అనే అంటాయి. ఇప్పుడది గౌరవంగా అనే మాట.

ఇదంతా చదివాక నాకో సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. మా వీధి చివర చీరలకు ఫాల్, పికో కుట్టే ఆవిడ ఉంది. దసరా రెండు రోజులుందనగా మూడు చీరలు పట్టుకెళ్లి ‘రేపటికి కావాలి’ అన్నాను. పైగా పది రూపాయలు తగ్గించమని బేరం. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే చీరలు మడతపెట్టి ఇచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. అవి రాత్రి మేలుకున్న కళ్లని అప్పుడు నాకు తట్టనే లేదు. వేల రూపాయల చీర కొన్నచోట నోరెత్తని నేను, కుట్టుకూలి దగ్గర నోరు చేసుకున్నాను. ఈసారి సంక్రాంతికి పదిహేను రోజుల ముందే ఇచ్చాను, బేరం లేదు. ఆవిడ నా వంక కాస్త వింతగా చూసింది లెండి!

ఈ వారం చిట్కా: రెడీమేడ్ జాకెట్టు గానీ పిల్లల గౌను గానీ కొనేటప్పుడు లేబుల్ చూడ్డం కాదు, తిరగేసి లోపలి వైపు చూడండి. పక్క కుట్ల దగ్గర కనీసం అరంగుళం గుడ్డ వదిలారా? అలా వదిలితే ఒళ్లొచ్చినా పిల్ల ఎదిగినా వదులు చేసుకోవచ్చు. కుట్టును రెండు పక్కలా మెల్లిగా లాగితే మధ్యలో సందు కనబడుతోందా? కనబడితే ఎక్కువ రోజులు మన్నదు. హుక్కుల కింద గుడ్డ రెండు పొరలుందా? అంచు మడత కుట్లు పైకి కనబడకుండా ఉన్నాయా? ఇవన్నీ బాగుంటే ఎవరో ఒకావిడ శ్రద్ధగా కుట్టిందని అర్థం. అలాంటి బట్టకు ఇంకో పది రూపాయలు ఎక్కువైనా నష్టం లేదు.

పేరు ఎవరిదైనా కుట్టు మాత్రం ఒక చెయ్యిదే కదా. మీరేమంటారు?